కొండ పొగలో ఏముంది?

ఎండాకాలం మొదట్లో రాజవొమ్మంగి మీదుగా ఎప్పుడైనా వెళ్లారా? మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏదో ఒక కొండవాలు నుంచి పొగ లేస్తూ కనిపిస్తుంది. నరికి ఎండబెట్టిన పొదలను కాల్చి, ఆ బూడిద నేలలో తొలకరికి విత్తనాలు చల్లే పోడు సేద్యం కావచ్చు. ఎండుగడ్డికి అంటుకున్న కార్చిచ్చూ కావచ్చు. మనం కారు అద్దాలు ఎత్తేసుకుని సాగిపోతాం. కానీ ఆ పొగలో ఏముందో లెక్క తేల్చినవారున్నారు.

ఎలా కొలుస్తారు?

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో పోడు మంటల దగ్గరే వాయువులను కొలిచారు. ఆ ఫలితాలు 2000 ప్రాంతంలో వెలువడ్డాయి. ఇలాంటి లెక్క సూత్రం సులువే. కాల్చకముందు కొంత జాగాలోని ఆకు, కొమ్మలను తూకం వేస్తారు. కాలాక మిగిలింది మళ్లీ తూస్తారు. పొగను పట్టి ఏ వాయువు ఎంతుందో పరీక్షిస్తారు. ఎంత మేర కాలిందో ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం వాడే లెక్క ప్రకారం, కిలో ఎండుగడ్డి కాలితే సుమారు 1,613 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 65 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. కిలో గడ్డికి కిలోన్నర దాటిన వాయువా అనుకోకండి. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది. అదే అడవి కర్రా ఆకూ అయితే మోనాక్సైడ్ 104 గ్రాములకు చేరుతుంది.

ఎందుకీ తేడా? ఎండుగడ్డి భగ్గున మండుతుంది. దుంగలు, పచ్చి ఆకులు రగులుతూ పొగచూరుతాయి. మంట తగ్గి పొగ పెరిగితే విషవాయువూ పెరుగుతుంది.

ఒంటికి ఏమవుతుంది?

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదటి సంకేతాలు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు, రక్తహీనత ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ఆరుబయట ఈ వాయువు త్వరగా పలచబడుతుంది. పొగలోని సన్నటి నుసి మాత్రం గాలిలో చాలాదూరం వచ్చి ఆస్తమాను రేపుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

• ఆస్తమా ఉంటే కొండదారి ప్రయాణంలో ఇన్‌హేలర్ చేతికందేలా ఉంచుకోండి.

• ఎన్95 మాస్కు నుసిని ఆపుతుంది, వాయువును ఆపదు. చేతిరుమాలు రెండింటినీ ఆపలేదు.

• పొగ పీల్చి తల తిరిగితే వెంటనే మంచి గాలిలోకి తీసుకెళ్లండి. స్పృహ తప్పినా, ఆయాసం తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి.

• వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్ముకోవద్దు. రక్తంలో మోనాక్సైడ్ చేరినా అది 98 చూపించవచ్చు.

కొండ మీద పోడు మంట ఏడాదిలో కొన్నాళ్లే. ఆ పొగకు అందరికంటే దగ్గరగా నిలబడేది అక్కడి గిరిజన కుటుంబాలే. వారిని తప్పుపట్టే ముందు మన ఇంటి గేటు పక్కన చూడండి. తడి ఆకులు, చెత్త పోగేసి అంటించిన కుప్ప కూడా మండదు, రగులుతుంది. ఆ పొగ నేరుగా పక్కింటి పసివాడి గదిలోకి వెళ్తుంది. ఆకులను గుంతలో వేసి ఎరువు చేయండి. అగ్గిపుల్లతో పనుండదు.