మీకు నచ్చిన గ్రంథమేది?

తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్నించుట, విద్యార్థులు సమాధానము చెప్పుట నిత్యము జరుగు విషయము. ఆ ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము ఉపాధ్యాయునకు ముందుగనే తెలిసియుండును. ఆయనకు ముందుగా తెలియని ప్రశ్న యొకటి కలదు. “మీరు చదివిన పుస్తకములలో మీకు మిక్కిలి నచ్చినదేది? దానిని నేనును చదువవలెనా?” అని ఆయన అడిగినచో తరగతి యంతయు ఒక్క క్షణము నిశ్శబ్దమగును. ఏలయన, ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకమున సమాధానము లభింపదు. ప్రతి విద్యార్థియు తన మనస్సునే వెదకుకొనవలెను.

ఇది చిన్న ప్రశ్నవలె దోచును. కాని ఒకరు చదివిన మంచి పుస్తకమును వేరొకరికి అందించుట యను ఈ చిన్న పని వరంగల్లు ప్రాంతమున ఒకప్పుడు ఒక జాతి మేలుకొనుటకు తోడ్పడినది. ఆ వృత్తాంతము తెలిసికొన్నచో ఈ ప్రశ్నకుగల విలువ బోధపడును.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున వరంగల్లు నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యమున ఇతర భాషలవారికంటె తెలుగు మాటలాడువారే ఎక్కువ. అయినను రాజభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే సాగెను. ఉర్దూ మధురమైన భాష. దానియందు ఉత్తమ సాహిత్యము కలదు. ఓరుగల్లు బాలురు దానిని చక్కగా నేర్చిరి. కాని ఇంట తల్లితో మాటలాడు భాషలో చదువుకొనుటకు వారికి పుస్తకములే అరుదు. తెలుగు పుస్తకము కావలెనన్నచో మద్రాసు మొదలగు దూరప్రాంతములనుండి తెప్పించుకొనవలసి యుండెను. తెప్పించినను, అది ఒక యింటి పెట్టెలో నుండిపోయినచో పొరుగువారికి దానివలన ప్రయోజనము లేదు.

ఈ కొఱతను తీర్చుటకు 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మొదలగువారు దాని స్థాపనకు పూనుకొనిరి. మూడేండ్లకు, అనగా 1904లో, హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. ఈ పేర్లను గమనింపవలెను. నన్నయను ఆదరించిన రాజు రాజరాజనరేంద్రుడు. అల్లసాని పెద్దనను ఆదరించిన రాజు శ్రీకృష్ణదేవరాయలు. ఆ గ్రంథాలయములను స్థాపించినవారు వానిని ‘భాషానిలయము’లని పిలిచిరి. రాజాశ్రయము కఱవైన భాషకు అవి నివాసములు కావలెనని వారి కోరిక.

పుస్తకములను చేర్చుటతో పని తీరలేదు. ఏ పుస్తకములు చేర్చవలెనను ప్రశ్న వెంటనే పుట్టినది. తెలుగులో కావ్యములు, పురాణములు ఉన్నవి. చరిత్ర, విజ్ఞానశాస్త్రములు చెప్పు గ్రంథములు మిక్కిలి తక్కువ. అందుచే లక్ష్మణరావు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ మండలి మొదట ప్రకటించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. బానిసత్వమును తొలగించిన ఒక అమెరికా దేశనాయకుని జీవితమును తెలుగువారు ముందుగా చదువవలెనని వారు నిశ్చయించుటయే ఒక గొప్ప సిఫారసు. మంచి పుస్తకమును ఎన్నుకొనువాడు పాఠకుని భవిష్యత్తును తలచి ఎన్నుకొనును.

ఆ కాలమున తెలుగునకు జరిగిన అవమానములును ఉన్నవి. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభలోని కొందఱు గేలిచేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ బాధనుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను స్థాపించుట దాని ఆశయములలో ముఖ్యములైనవి. అవమానమునకు వారు పుస్తకముతో సమాధానము చెప్పిరి.

తరువాతి తరమువారు పుస్తకములను ప్రజల యింటి ముంగిటికే కొనిపోయిరి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూటను మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. మూట విప్పినవాడు, “ఇది నీవు చదువదగినది, ఏలయన...” అని చెప్పగలిగిననే గాని పుస్తకము చేతులు మాఱదు. వరంగల్లులో చదువుకొన్న కాళోజీ నారాయణరావు కూడ గ్రంథాలయోద్యమమున పాల్గొనెను. ఆయన తండ్రి మహారాష్ట్రుడు, తల్లి కన్నడిగ. ఆయన పలుభాషలు నేర్చి తెలుగున ప్రజాకవియయ్యెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీ తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపబడుచున్నది.

ఈ అనుభవమునకు శాస్త్రరూపము నిచ్చిన మహనీయుడు రంగనాథన్. ఆయన మొదట గణితోపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యయ్యెను. 1931లో గ్రంథాలయములకు ఐదు సూత్రములను ప్రకటించెను. వానిలో రెండవ సూత్రము ప్రకారము ప్రతి పాఠకునకు తగిన గ్రంథము దొరకవలెను. మూడవ సూత్రము ప్రకారము ప్రతి గ్రంథమునకు తగిన పాఠకుడు దొరకవలెను. ఈ రెండును ఒకటివలె కనబడినను భిన్నములు. అల్మారాలో దుమ్ముపట్టి యున్న పుస్తకము తన పాఠకునికై ఎదురుచూచుచుండును. ఆ పాఠకుడు ప్రక్కవీథిలోనే యున్నను, వానికి ఆ సంగతి తెలియదు. ఇద్దఱిని కలుపువాడు ఒకడు కావలెను. గ్రంథాలయాధికారి ఆ పనిచేయును. తరగతిలోని తోటివిద్యార్థియు చేయగలడు.

అయినచో పుస్తకమును పరిచయము చేయుట యెట్లు? “చాల బాగున్నది” అనినంత మాత్రమున వినువానికి ఏమియు తెలియదు. ఒక విద్యార్థి సురవరము ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను చెప్పదలచెననుకొందము. “దీనికి 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది” అనుట సత్యమే. కాని అది చాలదు. “రాజుల యుద్ధములు చాల పుస్తకములలో ఉన్నవి. కాకతీయులనాటి సామాన్యులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అను సంగతులు దీనిలో ఉన్నవి. వేయిస్తంభముల గుడిని చూచినపుడు, ఆ దారిని నడచిన జనులెట్టివారో యని నీవు అడిగితివి గదా. అందుచే నీకు చెప్పుచున్నాను. నడుమ నడుమ ప్రాచీన పద్యములు వచ్చును, కఠినముగా నున్నచో మొదటిసారి వానిని దాటి చదువుము” అనినచో, వినువాడు వెంటనే ఆ పుస్తకమునకై చేయి చాచును.

ఈ మాటలలో నాలుగు గుణములు కలవు. చెప్పువాడు పుస్తకమును పూర్తిగా చదివినాడు. వినువాని అభిరుచిని ఎఱిగినాడు. నచ్చుటకు కారణమును చెప్పినాడు. కష్టమును దాచలేదు. కథాపుస్తకమైనచో ఐదవ నియమము కూడ కలదు: ముగింపును బయటపెట్టరాదు.

కొందఱు బాలురు ఈ ప్రశ్న వినగానే తలవంచుకొందురు. ఇంట పుస్తకములు లేకపోవుట వారి దోషము కాదు. అట్టివానిని ఉపాధ్యాయుడు, “నీవు విన్న కథలలో నీకు నచ్చినదేది?” అని అడుగవలెను. అవ్వ చెప్పిన కథయో, ఊరిలో విన్న ఒగ్గుకథయో వాడు చెప్పును. అట్టి కథలుగల పుస్తకము నొకదానిని గ్రంథాలయమునుండి తెచ్చి వాని చేతికిచ్చినచో, మఱుసటిసారి వాడు తలయెత్తి సమాధానము చెప్పును. వేఱొకడు 1947లో ప్రారంభమై పలుతరముల బాలురను అలరించిన చందమామ పాతసంచిక పేరు చెప్పినను పరిహసింపరాదు. మెట్టు చిన్నదైనను మేడకే దారితీయును.

విత్తనమును గాదెలో దాచినచో అది పురుగుపట్టును. పొలమున చల్లినచో పంట యగును. చదివిన పుస్తకమును గూర్చి పదిమందికి చెప్పుటయు అట్టిదే. హనుమకొండ భాషానిలయమును స్థాపించినవారు తమకు దొరకిన పుస్తకములను తమయొద్దనే ఉంచుకొనియుండిన యెడల, వారు మాత్రమే పండితులయ్యెడివారు. వారు తలుపులు తెఱచియుంచిరి. “మీకు నచ్చిన గ్రంథమేది?” అని ఉపాధ్యాయుడు అడిగిన దినమున ఆ తలుపు ప్రతి విద్యార్థి చేతిలో ఉండును.