గీజరు దీపం ఆరకపోతే

మాలూరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లే చాలా ఊళ్లకు దిక్కు. మా ఇంటికి వచ్చే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వెనకటికి రాగి అండాలో కాచుకునే రోజుల్లో అది అడుగున తెల్లగా పేరుకునేది, చింతపండు పెట్టి తోమేవాళ్లం. ఇప్పుడు అదే తెలుపు గీజరు లోపల, కంటికి కనబడకుండా పేరుకుంటోంది.

పోయిన ధనుర్మాసంలో మా బచ్చలింటి గీజరు మొండికేసింది (బచ్చలిల్లంటే స్నానాలగదే, కన్నడం పక్కన పెరిగిన మాట). ఒకరోజు పొగలు కక్కే నీళ్లు, మర్నాడు చన్నీళ్లు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఎవర్నీ లేపకుండా తానే నీళ్లు పట్టుకుని పోసుకుంటుంది. నా భయమంతా అక్కడే. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లు తగిలితే చాలు, చర్మం కాలిపోతుంది. ముసలివాళ్లకూ పసిపిల్లలకూ అంతసేపు కూడా పట్టదు.

పిలిస్తే వచ్చిన మెకానిక్ మూత విప్పి, లోపలున్న చిన్న ఎర్ర బటన్ నొక్కి, "అయిపోయింది సార్" అన్నాడు. వారంలో మూడుసార్లు అదే వైద్యం. మూడోసారి, పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి బొట్లు పడుతున్నాయని దానికి బిరడా బిగిస్తానన్నాడు. వద్దన్నాను.

ఎందుకో చెప్తాను. గీజరులో కాపలావాళ్లు ముగ్గురు. మొదటిది థర్మోస్టాట్. అది ఇత్తడి గొట్టం, దాని లోపల ఇన్వార్ అనే లోహపు కడ్డీ. వేడికి గొట్టం సాగుతుంది, కడ్డీ దాదాపు సాగదు. ఆ తేడాయే స్విచ్చిని విడదీస్తుంది. (ఇన్వార్‌ను 1896లో కనిపెట్టిన గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. మన బచ్చలింట్లో నోబెల్ ఉందని ఎంతమందికి తెలుసు!) ఇది పనిచెయ్యకపోతే రెండోది, కటౌట్, కరెంటు తెంచేస్తుంది. ఆ ఎర్ర బటన్ దానిదే. అదీ తప్పితే వాల్వు తెరుచుకుని ఒత్తిడిని బయటికి వదులుతుంది. బటన్ మాటిమాటికీ పడిపోతోందంటే మొదటి కాపలావాడు నిద్రపోతున్నాడన్నమాట. అలాంటప్పుడు వాల్వుకు బిరడా బిగిస్తే గీజరు బాంబుతో సమానం.

పరీక్ష చాలా సులువు. మాది 15 లీటర్లు, 2,000 వాట్లు. చలికాలపు 20 డిగ్రీల నీళ్లు 60కి చేరడానికి లెక్క ప్రకారం ఇరవై ఒక్క నిమిషాలు. గడియారం పెట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలైనా కాగే దీపం ఆరలేదు. ఇక చూడాల్సిందేమీ లేదు, థర్మోస్టాట్ పోయింది. అదే దీపం వెలుగుతూ ఉండి నీళ్లు చల్లగానే ఉంటే, కాలిపోయింది కాయిల్ అని అర్థం.

మెయిన్ ఆపించి, వేరే ఎలక్ట్రీషియన్ చేత నీళ్లన్నీ దింపించి విప్పించాం. కాయిల్ మీదా, థర్మోస్టాట్ దూరే గొట్టం మీదా గుప్పెళ్లకొద్దీ సున్నపు పెచ్చులు! గొట్టానికి అంత దుప్పటి కప్పితే లోపలి కడ్డీకి వేడి ఎలా తెలుస్తుంది? నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగాం. థర్మోస్టాట్, కటౌట్ రెండూ ఐ.ఎస్.ఐ. గుర్తున్నవి కొత్తవి వేయించాం. ఎర్త్ కూడా చూపించాం. ఆ ఒక్కటి మటుకు ఎవరూ మర్చిపోకండి.

లీడ్స్‌లో ఉన్న మా చెల్లెలు ఫోనులో ఇదంతా విని, "మా రేడియేటరుదీ ఇదే గోల అన్నయ్యా" అంది. అక్కడ వాల్వు తలలో మైనమో ద్రవమో ఉంటుంది. గది వెచ్చబడితే అది ఉబ్బి, కింది పిన్నును నొక్కి వేడినీళ్లు ఆపుతుంది. వేసవంతా మూసి ఉంచితే పిన్ను అలాగే పట్టేసి, చలి మొదలయ్యాక రేడియేటరు వేడెక్కదు. తల విప్పి, చదునైన దేనితోనైనా పిన్నును మెల్లగా నొక్కి వదిలితే చాలాసార్లు పైకి లేస్తుంది. పట్టకారుతో లాగితే మాత్రం ఊడివచ్చి ఇల్లంతా నీళ్లే.

మా ఇంట్లో ఇప్పుడు దీపం ఇరవై రెండు నిమిషాలకు ఆరుతోంది. వాల్వు కింద సన్నని గొట్టం పెట్టి, బొట్లు గోడ మీద కారకుండా బయటి కాలువలోకి వదిలాం. బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేడివి పట్టడం అమ్మ అలవాటు చేసుకుంది.