పచ్చిక క్రింది మంద

సార్వా కోతలు ముగిసిన పిమ్మట గుడివాడ ప్రాంతమున చేలు ఊరక బీడుపడి యుండవు. కోతకు కొలది దినముల ముందు తడి యారని చేలో చల్లిన పిల్లిపెసర, వరిమోళ్ళ నడుమ పచ్చగా అల్లుకొనును. మినుము సాగు హెచ్చినను, పశువుల మేతకై పిల్లిపెసర చల్లు రైతులు ఇంకను కలరు. కృష్ణా డెల్టాకు శీతకాలపు పచ్చికబయళ్ళు ఈ చేలే. వానిపై మేయు మంద అందరికిని కనబడును. వాని క్రింద మేయు మంద ఎవరికిని కనబడదు. అయినను పై మందకు మేత సమకూర్చునది ఆ క్రింది మందయే.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ నల్లరేగడి నేలలు ఏటేట నెలల తరబడి నీట నానుచున్నవి. నీరు నిలిచిన కొలది దినములకే మట్టిలోని ప్రాణవాయువు వ్యయమగును. అప్పుడు గాలి లేకయే బ్రదుకగల సూక్ష్మజీవులదే రాజ్యము. వానిలో కొన్ని మీథేన్ వాయువును పుట్టించును. కొన్ని నైట్రేటును నత్రజనిగా మార్చి గాలిలోనికి వదలివేయును. నీరు తీసి, నేల నెఱ్ఱెలు విచ్చగానే గాలి లోనికి చొచ్చును, రాజ్యము మారును.

మొక్క తాను తయారుచేసికొన్న చక్కెరలలో కొంత వేళ్ళగుండ మట్టిలోనికి ఊరును. దానికై బాక్టీరియాలు వేరుచుట్టును మూగును. సారవంతమైన మట్టి ఒక్క గ్రాములో వాని సంఖ్య కోట్లలో నుండును. వానిని ఏకకణ జంతువులును, కంటికి ఆనని నులిపురుగులును మేయును. మేసినదానిలో తమ అక్కరకు మించిన నత్రజనిని అమ్మోనియా రూపమున విసర్జించును. అదియే వేరునకు ఎరువు. గొఱ్ఱెలమంద కట్టిన చేను బాగుగ పండునని రైతు ఎరుగును. నేలలోపల అహర్నిశములు జరుగునది అట్టి మందకట్టుటయే.

పిల్లిపెసరకు మరియొక నేస్తము కలదు. దాని వేళ్ళ బుడిపెలలో రైజోబియం అను బాక్టీరియా కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. చిక్కుడుజాతి మొక్కల ఈ రహస్యమును 1886లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్రీగల్ ప్రకటించెను. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి చూపెను.

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు చేనిలోనే చూపవచ్చును. పూతకు వచ్చిన మొక్కను పెరుకక, పారతో మట్టిగడ్డతో సహా తీసి, నీట మెల్లగా కడుగవలెను. బుడిపెను బ్లేడుతో కోసినప్పుడు లోపల గులాబిరంగు కనబడినచో అది పనిచేయుచున్నదని అర్థము. మన రక్తమునకు ఎరుపునిచ్చు పదార్థమునకు దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ వలన ఆ రంగు వచ్చును. పాలిపోయి బూడిదరంగున నున్న బుడిపె పని మానినది.

పచ్చికనేల ఇచ్చు వరములు మేతతో ముగియవు. 1945లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయపు సాన్‌బర్న్ క్షేత్రమున, తిమోతి గడ్డి పెరిగిన మడినుండి తీసిన మట్టిలో బెంజమిన్ డగ్గర్ ఒక సూక్ష్మజీవిని గుర్తించెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ ఔషధము దాని ప్రసాదమే. లెడర్లీ ప్రయోగశాలలో ఆ పరిశోధనలకు సారథ్యము వహించినవాడు, కొల్లేటికి ఆవల భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఇట్టి మందకు శత్రువులును కలవు. మొదటిది ఉప్పు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. చేలను ఉప్పునీట ముంచినది. ఉప్పు సూక్ష్మజీవుల కణములలోని నీటిని లాగివేయును. అందలి సోడియం బంకమట్టి సందులను పూడ్చి గాలికి దారి లేకుండ జేయును. బందరు తీరమున నేటికిని చౌడునేలలు కలవు. ఉప్పు కొట్టుకొనిపోవుటకు మంచినీరును మురుగుకాలువయు కావలెను. నేలకు తిరిగి ప్రాణము పోయుటకు పచ్చిరొట్ట కావలెను. చౌడును కొంత సహించు జీలుగను పెంచి కలియదున్నుట అందులకే.

రెండవ శత్రువు నిప్పు. ఉప్పెనను ఆపుట మన చేతిలో లేదు. నిప్పును ఆపుట మన చేతిలోనే యున్నది. యంత్రము కోసి వదలిన గడ్డిని తగులబెట్టినచో పైపొరలోని జీవులు మాడుటయే గాక, మిగిలినవానికి రాబోవు మాసముల ఆహారము పొగయై పోవును. ఆవును పస్తుంచి పాలు పితుకబోవువానిని చూచి లోకము నవ్వును. గడ్డిని కాల్చి పంటను కోరుటయు అట్టిదే.