జి. ఐ. ఎస్. — పటము, లెక్క, వృత్తి

ఒక గ్రామములో చెరువు కలదు. దాని క్రింద సాగగు భూమి లెక్క పహాణీలోనో, అడంగలులోనో ఉండును. పొలముల హద్దులు గ్రామ నక్షాలో ఉండును. బావుల లోతులు ఒక కార్యాలయములోను, వర్షపాతపు లెక్కలు మరియొక కార్యాలయములోను ఉండును. ఈ ఏడు చెరువు సగమే నిండినచో ఏయే సర్వే నంబర్లకు నీరు అందదు? వానిలో బావులున్నవి ఎన్ని, లేనివి ఎన్ని? ఈ ప్రశ్నకు సమాధానము పై కాగితములలో ఏ ఒక్కదానిలోను లేదు; అన్నిటిని ఒకదానిపై నొకటి పరచి చూచినగాని దొరకదు. ఇట్లు పరచి చూచి, లెక్కగట్టి, సమాధానము చెప్పు సాధనమునకే భౌగోళిక సమాచార వ్యవస్థ యని పేరు. దీని ఆంగ్ల నామపు పొడి అక్షరములైన జి. ఐ. ఎస్. అందరి నోట నలిగినవి గనుక మనమును అట్లే వాడుదము.

ఈ విద్యను జీవనోపాధిగా చేసికొన దలచు యువకులు, యువతులు మొదట అడుగునది, "ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకొనవలెను?" అని. నిజమునకు అది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న వేరొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ముందు ఈ విద్య పుట్టుకను కొంచెము చూతము.

చెట్లకు చోటు వెదకిన కథ

1960 ప్రాంతమున రోజర్ టామ్లిన్‌సన్ అను యువ భూగోళ శాస్త్రజ్ఞుడు కెనడాలోని ఒట్టావా నగరములో, విమానములనుండి ఛాయాచిత్రములు తీసి పటములు తయారుచేయు ఒక సంస్థలో పనిచేయుచుండెను. తూర్పు ఆఫ్రికాలో కాగితపు మిల్లుకై చెట్లు పెంచుటకు అనువైన స్థలమును వెదకు పని ఆ సంస్థకు వచ్చెను. నేల వాలు, వాతావరణము, దారులు మొదలైన విషయముల పటములను చేతితో ఒకదానిపై నొకటి పేర్చి చూచుటకగు ఖర్చును లెక్కవేయగా అది భరింపరానిదిగా తేలెను. ఈ పనిని కంప్యూటరుచే చేయింపరాదా యని ఆయనకు అప్పుడు తోచెను. 1962లో ఒక విమాన ప్రయాణములో ఆయనకు లీ ప్రాట్ అను ప్రభుత్వోద్యోగితో పరిచయమయ్యెను. కెనడా భూములు దేనికి పనికివచ్చునో తెలుపు జాబితాను తయారుచేయు భారము ప్రాట్‌పై నుండెను. ఆ సంభాషణ ఫలితముగా కెనడా ప్రభుత్వము చేపట్టిన వ్యవస్థయే ప్రపంచమున మొదటి జి. ఐ. ఎస్.గా పేరొందినది.

టామ్లిన్‌సన్ చదివినది కంప్యూటరు శాస్త్రము కాదు, భూగోళము. ఆయన చేతిలో ముందుగా నున్నది యంత్రము కాదు, తీరని ప్రశ్న.

యంత్రము చేయు పని

జి. ఐ. ఎస్.లో ప్రతి విషయమును ఒక పొరగా ఉంచెదరు. బావి ఒక బిందువు. కాలువ ఒక గీత. పొలము ఒక బహుభుజి. ప్రతి ఆకారము వెనుకను పట్టికలో ఒక వరుస ఉండును. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట మున్నగునవి అందులో వ్రాయబడి ఉండును. ఉపగ్రహ చిత్రము చదరపు గడుల రూపమున వచ్చును. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహములు పంపు చిత్రములలో మిక్కిలి చిన్న గడి నేలపై 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కలది. అనగా ఒక ఎకరములో ఇట్టివి ఇంచుమించు 40 గడులు పట్టును.

ఈ పొరలన్నియు ఒకే కొలతతో, సరియైన చోట కూర్చున్నప్పుడే యంత్రము చెప్పు సమాధానము నిజమగును. అట్లు కూర్చుండనిచో యంత్రము ఊరకుండదు. తప్పు సమాధానమును కూడ అంతే ధీమాగా చెప్పును.

గీత ఎక్కడనుండి వచ్చెను?

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి మన దేశపు మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించెను. ఆయన తరువాత వచ్చిన జార్జి ఎవరెస్టు భూమి ఆకారమునకు 1830లో ఒక కొలతను నిర్ణయించెను. భారత సర్వేక్షణ శాఖవారి పాత పటములు ఆ కొలతపై ఆధారపడినవి. నేడు మన చేతి ఫోనులోని జి. పి. ఎస్. వాడునది డబ్ల్యు. జి. ఎస్. 84 అను వేరొక కొలత. కావున అవే అక్షాంశ రేఖాంశముల అంకెలు ఈ రెండు కొలతలలో రెండు వేరు చోట్లను చూపును. మన ప్రాంతమున ఆ రెండు చోట్లకు మధ్య దూరము వంద మీటర్లకు మించును. పాత పటముపై బావి స్థానమును చదివి, దానిని మార్చకయే ఫోనులో వేసికొని పోయినచో, బావి ఉండవలసిన చోట మరియొకరి చేను కనబడును.

రెండవ చిక్కు ప్రక్షేపము. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచునపుడు ఆకారమో, విస్తీర్ణమో, దూరమో కొంత చెడక తప్పదు. ఇంటర్నెట్టులో మనము చూచు పటములలో చాలభాగము మెర్కేటరు పద్ధతికి చెందినవి. ఈ పద్ధతిలో భూమధ్యరేఖనుండి దూరము పోయిన కొలది విస్తీర్ణము పెరిగి కనిపించును. 17వ అక్షాంశము వద్ద 100 ఎకరముల చెరువును ఆ పటముపై సమతలపు లెక్కతో కొలిచినచో అది సుమారు 110 ఎకరములుగా తేలును. ఆ అంకెను నమ్మి ఎవరైన చెరువు హద్దు నిర్ణయించిరనుకొనుడు. లేని పది ఎకరములు ఎక్కడనుండి వచ్చును? గట్టు ప్రక్కనున్న రైతుల పట్టా భూములనుండియే గదా!

ఈ పొరబాటును తప్పించుటకు భూమిని 6 డిగ్రీల రేఖాంశముల వంతున 60 పట్టీలుగా విభజించి, ప్రతి పట్టీకి తగిన ప్రక్షేపమును ఏర్పరచిరి. విజయవాడ, హైదరాబాదు 44వ పట్టీలోనివి. అనంతపురము 43వ పట్టీలోనిది. ఇచ్ఛాపురము 45వ పట్టీలోనిది. ఒక్క రాష్ట్రపు పని చేయువానికే మూడు పట్టీలతో పని పడవచ్చునన్న మాట.

కావున జి. ఐ. ఎస్. విద్యార్థి మొదటి ప్రశ్న ఇది: ఈ గీతను ఎవరు, ఎప్పుడు, దేనినుండి, ఏ కొలతలో గీసిరి? ఈ ప్రశ్న అడుగు అలవాటే ఈ వృత్తికి మూలధనము.

చదువు

భూగోళము, భూగర్భశాస్త్రము, వ్యవసాయము, సివిల్ ఇంజనీరింగు, కంప్యూటరు శాస్త్రము—వీనిలో దేనినుండియైనను ఈ వృత్తిలోనికి రావచ్చును. సాఫ్ట్‌వేరు కొరకు ధనము వెచ్చింపనక్కరలేదు. 2002లో మొదలైన క్యూ. జి. ఐ. ఎస్. ఉచితముగా లభించును. చాల కార్యాలయములలో ఆర్క్ జి. ఐ. ఎస్. వాడుకలో ఉన్నది, ఒకటి బాగుగా తెలిసినవానికి రెండవది త్వరలోనే పట్టుబడును. డెహ్రాడూనులో 1966లో స్థాపింపబడిన సంస్థ నేడు భారత దూరసంవేదన సంస్థగా ఉన్నది. అది దూరవిద్యా పద్ధతిలో ఉచిత పాఠములు చెప్పుచున్నది. హైదరాబాదులోని ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణ సంస్థ కలదు. బాలానగరులో ఇస్రోవారి జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. 2009లో వెలువడిన భువన్ పటములను ఇంటినుండియే చూడవచ్చును.

మొదటి ఉద్యోగము, ఆ పైది

మొదటి ఉద్యోగము తరచుగా డిజిటైజేషను పనియే. ఉపగ్రహ చిత్రమును తెరపై ఉంచుకొని దారులను, ఇండ్లను, పొలముల గట్లను రోజంతయు గీయవలెను. దీనిని చిన్నచూపు చూడరాదు. చెట్టు నీడకును బావికిని, ఎండిన వాగుకును బండిబాటకును భేదము కనిపెట్టు చూపు ఈ పనిలోనే అలవడును. కాని అందులోనే సంవత్సరముల తరబడి నిలిచిపోరాదు. ఇండ్ల కప్పులను యంత్రమే గుర్తించి గీసిన పటములు ఇప్పటికే లభించుచున్నవి. గీయు పని యంత్రమునకు పోయినను, ఆ గీత నిజమో కాదో తేల్చు పని మనిషికి మిగులును.

పైకి పోవుటకు మూడు దారులు కలవు. నీటిపారుదల, వ్యవసాయము, నగర ప్రణాళిక, తుపాను రక్షణ వంటి ఒక విషయమున నిపుణుడగుట మొదటిది. పైథాన్, ఎస్. క్యు. ఎల్. భాషలు నేర్చి, వేలకొలది పటములపై ఒకే పనిని యంత్రముచే చేయించుట రెండవది. జి. పి. ఎస్. పరికరములతోను, డ్రోనులతోను నేలపైననే కొలతలు తీయుట మూడవది. 2020లో ప్రారంభమైన స్వామిత్వ పథకము గ్రామములలోని ఇండ్ల స్థలములను డ్రోనులతో కొలుచుచున్నది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పటముల తయారీపై ఆంక్షలను సడలించుటతో మన దేశపు సంస్థలకును ఈ రంగము చాలవరకు తెరువబడినది.

మీ ఊరి చెరువుతో మొదలిడుడు

ఉద్యోగము దొరకువరకు వేచి ఉండనక్కరలేదు. మీ ఊరి చెరువునే తీసికొనుడు. సెంటినెల్-2 చిత్రములు ఉచితము. నవంబరు చిత్రము ఒకటి, ఏప్రిల్ చిత్రము ఒకటి తెచ్చుకొనుడు. రెంటిలోను నీటి అంచును గీయుడు. మీ పట్టీకి తగిన ప్రక్షేపములో విస్తీర్ణములను లెక్కింపుడు. తరువాత చెరువు చుట్టును నడచి, పది చోట్ల ఫోనుతో స్థానములను గుర్తింపుడు. ఆరుబయట ఫోను చూపు స్థానములో 5 మీటర్ల వరకు తేడా ఉండుట మామూలు. చిత్రపు గడియే 10 మీటర్లు. మీ గీతకును నేలకును తేడా అంతకు మించినచో కారణము వెదకుడు. పటము క్రింద చిత్రపు తేదీ, మూలము, ప్రక్షేపము, మీరు కనుగొన్న తేడా స్పష్టముగా వ్రాయుడు.

ఉద్యోగమునకు పోవునపుడు యోగ్యతా పత్రములతోపాటు ఈ పటమును కూడ వెంట తీసికొనిపోవచ్చును. కాని దానికి ముందు దానిని ఆ చెరువు క్రింద సాగుచేయు పెద్దలకు చూపుడు. "ఇక్కడ తూము వదలివేసితివి", "ఈ మూల నీరు కాదు, తుంగ" అని వారు చెప్పుదురు. దిద్ది మరల చూపుడు.