అక్కియు, వైరసు నిరోధక ఔషధములును

బెంగళూరు నగరమందలి తెలుగు కుటుంబములలో పెద్దవారికి నడుమునకో ఱొమ్మునకో ఒక ప్రక్కగా మంటతో పొక్కులు లేచినచో “అక్కి వచ్చినది” అందురు. కన్నడమున అక్కి యనగా బియ్యము. ఈ వ్యాధిని వారు సర్పసుత్తు అందురు. కుమ్మరివారిచే జాజుతో అక్కి వ్రాయించుట మన పూర్వాచారము. పొక్కులు సాధారణముగా కొన్ని వారములలో తమంత తామే మానును గనుక ఆ ఘనతను జాజునకు కట్టబెట్టితిమి. కాని అట్లు గడచిన దినములలోనే ఔషధమునకు తగిన సమయము చేజారుచున్నది.

బాల్యమున వచ్చిన ఆటలమ్మ తగ్గినను, దాని వైరసు నరముల మూలములందు దాగియుండును. వార్ధక్యమున శరీరబలము సన్నగిల్లినపుడు అది మేల్కొని నరము వెంట చర్మమునకు వచ్చును. ఇదియే అక్కి.

వైరసునకు స్వతంత్ర జీవనము లేదు. మన జీవకణములో జొరబడి, ఆ కణపు సామగ్రితోనే తన ప్రతులు వ్రాయించుకొనును. బాక్టీరియాను చంపు ఆంటీబయాటిక్కులు దానిపై పనిచేయవు. అసైక్లోవిర్ అను ఔషధము వైరసు డి.ఎన్.ఏ. యందలి యొక అక్షరమును పోలిన కపటాక్షరము. వైరసు ఎంజైము దీనికి మొదటి ఫాస్ఫేటును తగిలించును. తక్కిన రెంటిని మన కణమే చేర్చును. అపుడు వైరసు దీనిని నిజమైన అక్షరమని భ్రమించి తన ప్రతిలో కూర్చుకొనును. అంతటితో వ్రాత నిలిచిపోవును. వైరసు సోకని కణమున మొదటి మెట్టే సరిగా సాగదు గనుక హాని స్వల్పము.

మూడు ఫాస్ఫేటులు గల మఱియొక పదార్థము, కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. దానిని 1929లో హార్వర్డున ఫిస్కెతో కూడి వెల్లడించినవారు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్కె శిష్యుడైన హిచింగ్సును, అసైక్లోవిర్ పరిశోధనకు సారథ్యము వహించిన ఎలియన్ అను విదుషియు 1988 నోబెల్ బహుమానమును పంచుకొనినవారిలోనివారు.

ఈ ఔషధము దాగిన వైరసును నిర్మూలింపదు. క్రొత్త ప్రతులను మాత్రమే ఆపును. కావుననే పొక్కులు కనబడిన 72 గంటలలోగా ఆరంభింపవలెను. కంటిచెంత లేచినచో చూపునకే ప్రమాదము. మూత్రపిండముల వ్యాధి గలవారికి మోతాదు మార్పవలసియుండును గనుక వైద్యుని చీటి లేక వాడరాదు. ఒక వైరసు మందు వేరొకదానికి సాధారణముగా పనికిరాదు. ఇన్‌ఫ్లుయెంజాకు ఓసెల్టామివిర్ గలదు, హెచ్.ఐ.వి.కి నిత్యము వాడవలసిన మిశ్రమౌషధములు గలవు. హెపటైటిస్-సి కొన్ని వారముల చికిత్సతో నయమగుచున్నది. సామాన్యమైన జలుబునకు మాత్రము అట్టి మందు లేదు.

తెలుగు బోధించు నాకు అక్కి యను పదము విడువ మనసొప్పదు. ఇంట ఆ మాట వినబడిన నాడే పెద్దలను వైద్యునియొద్దకు తోడ్కొని పొండని నా విద్యార్థులకు చెప్పుచున్నాను. పాఠకులకును అదియే నా మనవి.