డౌట్ అంటే అనుమానమేనా?

ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఆమధ్య ఇంటికొచ్చి, ఫోనులో ఒక మెయిల్ చూపించాడు. శుక్రవారం సాయంత్రం అమెరికాలోని క్లయింటుకు పంపినది. ‘ఐ డౌట్ ద సర్వర్ విల్ క్రాష్ దిస్ వీకెండ్’ అని రాశాడు. సర్వర్ పడిపోతుందేమోనని అతని భయం, జాగ్రత్తపడమని హెచ్చరిక. అవతలివాళ్ళు థాంక్స్ చెప్పి నిశ్చింతగా ఉన్నారు. ఆదివారం తెల్లవారుజామున సర్వర్ పడిపోయింది.

“నేను ముందే చెప్పాను కద సార్” అన్నాడు. అతను చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆ వాక్యానికి ఇంగ్లీషులో అర్థం, ‘ఈ శనాదివారాల్లో సర్వర్ పడిపోతుందని నేను అనుకోను’ అని.

గ్రామర్ తప్పు లేదు. స్పెల్లింగు తప్పు లేదు. ముప్ఫై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న నాకు ఆ మెయిల్ చూస్తే మనసు చివుక్కుమంది. డౌట్ అనే మాటను క్లాసులో ఎవరం నేర్పం. ఒకటో తరగతి నుంచీ వాడుతున్న మాటే కదా, దాన్ని నేర్పేదేముంది అనుకుంటాం.

అపోహ: డౌట్ అంటే అనుమానం. అంతకుమించి తెలుసుకోవాల్సింది లేదు.

వాస్తవం: మన అనుమానం రెండు పనులు చేస్తుంది. ‘పర్సు వాడే తీశాడని నా అనుమానం’ అంటే వాడే తీసి ఉంటాడని మన మనసు చెబుతోంది. ‘వాడు డబ్బు తిరిగిస్తాడా అన్నది అనుమానమే’ అంటే ఇవ్వడని మనసు చెబుతోంది. మొదటిది అవునువైపు మొగ్గు, రెండోది కాదువైపు మొగ్గు. తెలుగులో ఈ తేడాను అనుమానమనే మాట చూపించదు, దాని ముందున్న ‘అని’, ‘ఆ’, ‘ఓ లేదో’ చూపిస్తాయి. ఇవి మనకు ఎంత అలవాటంటే, చేస్తున్నామని కూడా తెలియకుండా చేసేస్తాం.

ఇంగ్లీషులో ఆ రెండు పనులకూ ఇద్దరు వేరువేరు మనుషులున్నారు. అవునువైపు మొగ్గితే సస్పెక్ట్. కాదువైపు మొగ్గితే డౌట్. ‘ఐ సస్పెక్ట్ హీ టుక్ ఇట్’ అంటే వాడే తీశాడని అనుకుంటున్నాను. ‘ఐ డౌట్ హీ టుక్ ఇట్’ అంటే వాడు తీశాడంటే నమ్మలేను. ఒక్క క్రియ మారితే ఆ మనిషి దొంగ కాకుండా పోతాడు.

అసలు మన మాట పుట్టుకలోనే ఆ అవునువైపు మొగ్గు ఉంది. సంస్కృత తర్కశాస్త్రంలో అనుమానమంటే పొగను చూసి కొండ మీద నిప్పుందని నిర్ణయించుకోవడం. అదొక ప్రమాణం. తెలుగులోకి వచ్చాక అర్థం పలచబడింది గానీ, పొగ వాసన పోలేదు. లాటిన్‌లో డౌట్‌కు మూలమైన ‘డుబిటారే’ రెండు అనే అంకెతో చుట్టరికం ఉన్న మాట. అంటే రెండు మనసులతో ఊగడం. మన సందేహం, సంశయం దానికి దగ్గర. అనుమానం దూరం.

నా విద్యార్థికి ఒక చిన్న పరీక్ష చెప్పాను. ‘ఐ డౌట్’ అని రాసిన ప్రతిచోటా తెలుగులో ‘అనుకోను’ పెట్టి చదువుకో. నువ్వు చెప్పదలిచిన సంగతి తిరగబడిందా, ఆ మాట తీసెయ్. అక్కడే కూర్చుని వాక్యం మళ్ళీ రాశాడు: ‘ఐయామ్ అఫ్రెయిడ్ ద సర్వర్ మే క్రాష్.’

అతని పక్షాన ఒక మాట చెప్పాలి. స్కాట్లండులో ‘ఐ డౌట్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్’ అంటే ఇప్పటికీ ‘వానొచ్చేట్టుంది’ అనే అర్థం. పాత ఇంగ్లీషు రచనల్లోనూ డౌట్‌కు భయపడటం అనే అర్థం కనిపిస్తుంది. కాలం, ఊరు కలిసొస్తే మావాడి మెయిల్ సరైనదే అయ్యేది.

అపోహ: ‘ఐ హావ్ ఎ డౌట్’ అనడం పచ్చి తప్పు.

వాస్తవం: దీన్ని తప్పని కొట్టిపారేసే మాస్టర్లతో నేను ఏకీభవించను. మన దేశంలో ఏ మూల క్లాసులోనైనా డౌట్ అంటే అర్థం కానిది అడగడమే. స్పానిష్ మాట్లాడేవాళ్ళు కూడా ప్రశ్న అడగడానికి ముందు ‘నాకొక సందేహం’ అనే అంటారు. అందులో వినయం ఉంది. అర్థం కాకపోవడం నా వల్లే, మీ వల్ల కాదు అన్న ధ్వని ఉంది. అయితే అమెరికాలో చేరిన మన పిల్ల, ప్రొఫెసర్‌కు ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ లెక్చర్’ అని రాస్తే, ‘మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావడం లేదు’ అని ఆయనకు వినిపిస్తుంది. వినయం కాస్తా ధిక్కారమవుతుంది. అక్కడ క్వశ్చన్ అంటే సరిపోతుంది. మన క్లాసులో డౌటే ఉండనివ్వండి. డౌటనుమానం అని సరదాగా జంటమాట కూడా కట్టుకున్నాం, అంతగా మనదైపోయింది.

అపోహ: డౌట్ స్పెల్లింగులో పలకని ‘బి’ అక్షరం ఇంగ్లీషువాళ్ళ పిచ్చి.

వాస్తవం: ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్ మూలం కనబడాలని తర్వాత పండితులు ఇరికించారు. అప్పు అనే అర్థమున్న డెట్‌లోనూ అంతే. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో ఒక బడిపంతులు, జనం బి పలకడం లేదని తెగ బాధపడిపోతాడు. ఆ పంతులు ఓడిపోయాడు, జనం గెలిచారు.

అపోహ: ‘నో డౌట్’ అంటే నూటికి నూరుపాళ్ళు.

వాస్తవం: తెలుగులో అంతే. ఇంగ్లీషులో చాలాసార్లు అది మెత్తబడుతుంది. ‘యూ ఆర్ నో డౌట్ టైర్డ్’ అంటే అలసిపోయే ఉంటారు అని ఊహ. గట్టిగా చెప్పాలంటే ‘వితౌట్ ఎ డౌట్’.

అపోహ: బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వదిలేశారంటే, నిందితుడి మీద కోర్టుకు అనుమానం ఉన్నట్టే.

వాస్తవం: పేపర్లో ఆ వార్త చదివి ‘అనుమానం ఉన్నా వదిలేశారట’ అనేవాళ్ళను టీకొట్టు దగ్గర చాలాసార్లు విన్నాను. ఒక మనిషి జీవితాంతం మోయాల్సిన మచ్చ ఆ ఒక్క అపార్థంలో ఉంది. కోర్టు డౌట్ ప్రాసిక్యూషన్ చెప్పిన కథ మీద. నేరం ఇతనే చేశాడని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలదని. నిందితుడి మీద పోలీసులకు ఉండేది సస్పిషన్. అదెంత బలంగా ఉన్నా రుజువుకు సాటిరాదని మన న్యాయస్థానాలు పదేపదే చెబుతూ వచ్చాయి. బెనిఫిట్ ఆఫ్ డౌట్‌ను తెలుగు చేసినవారెవరో గానీ ‘అనుమానలాభం’ అనలేదు, ‘సంశయలాభం’ అన్నారు.