కోస్టర్ ఎక్కాలంటే... కొలతలు కుదరాలి!

గంటన్నర క్యూ. ఎండ మాడ్చేస్తున్నా, కాళ్లు పీకేస్తున్నా పిల్లలు పట్టు వదలరు. ఎట్టకేలకు రోలర్ కోస్టర్ దాకా చేరారు. సీట్లో కూర్చున్నారు. మీదికి దించుకున్న కడ్డీ పొట్ట దగ్గరకొచ్చి ఆగిపోయింది. సిబ్బంది ఒకసారి నొక్కి చూశారు. రెండోసారీ నొక్కారు. తర్వాత మర్యాదగా ఒకే మాట... 'సారీ సర్, మీరు దిగాలి!' వెనక వందమంది చూస్తుండగా అక్కణ్నుంచి బయటికి నడవడం ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా?

అమెరికాలోని పెద్ద పెద్ద థీమ్ పార్కుల్లో తరచూ కనిపించే దృశ్యమే ఇది. అక్కడున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే మన అమ్మానాన్నలు తప్పకుండా చూసొచ్చే ఊళ్లలో ఓర్లాండో ఒకటి. డిస్నీ వరల్డ్, యూనివర్సల్ పార్కులు ఉన్నది అక్కడే. 'ఇంత ఎత్తు లేని పిల్లలకు ప్రవేశం లేదు' అన్న బోర్డు అందరికీ తెలిసిందే. మరి బాగా పొడుగ్గా ఉన్నవాళ్ల సంగతి? లావుగా ఉన్నవాళ్ల మాట? వాళ్లకీ హద్దులున్నాయన్న విషయం చాలామందికి సీట్లో కూర్చున్నాకగానీ తెలియదు.

బరువొక్కటే కాదు

కోస్టర్ గుట్టలాంటి పట్టా మీదికెక్కి ఒక్కసారిగా కిందికి దూకేటప్పుడు మన శరీరం సీట్లోంచి పైకి లేస్తుంది. ఆ క్షణంలో మనిషిని పట్టి ఉంచేది తొడల మీదుండే కడ్డీయే. అది తొడలకూ తుంటికీ ఆనుకుని ఉండాలి. ఆ ఎముకల దగ్గరైతే పట్టు గట్టిగా ఉంటుంది. అలాకాక పొట్ట మీదే ఆగిపోయిందనుకోండి... కుదుపులకు పొట్ట లోపలికి నొక్కుకుపోతుంది, కడ్డీకీ ఒంటికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ప్రమాదమంతా ఆ ఖాళీలోనే ఉంది.

అందుకే చాలా రైడ్లలో బరువు కన్నా శరీరాకృతే ముఖ్యం. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరు హాయిగా కూర్చోవచ్చు, మరొకరికి బెల్టు పెట్టుకోవడమే కుదరకపోవచ్చు. భుజాల మీదుగా కడ్డీ దిగే రైడ్లలో ఛాతీ వెడల్పు అడ్డొస్తుంది. తొడల మీద కడ్డీ ఉండేవాటిలో పొట్టా, తొడలూ ఇబ్బంది పెడతాయి.

పొడుగువాళ్లది ఇంకో సమస్య. మోకాళ్లు ముందు సీటుకు తగలడం ఒక ఎత్తయితే, భుజాల కడ్డీ కిందికి దిగకపోవడం మరో ఎత్తు. కూర్చున్న మనిషి చేతులూ కాళ్లూ ఎంత దూరం చాపగలడో లెక్కేసి, ఆ పరిధిలో స్తంభాలూ దూలాలూ రాకుండా ఇంజినీర్లు పట్టాను డిజైన్ చేస్తారు. ఆ లెక్కకు మించి పొడుగున్నవాళ్లకు కొన్నిచోట్ల ప్రవేశం ఉండదు. న్యూజెర్సీలో 456 అడుగుల ఎత్తుతో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కోస్టర్‌గా పేరొందిన కింగ్డా కాలో ఈ గీత 6 అడుగుల 5 అంగుళాలు. 2024లో దాన్ని మూసేశారు.

హ్యారీపోటర్ నేర్పిన పాఠం

2010 జూన్‌లో ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో హ్యారీపోటర్ రైడ్ 'ఫర్బిడెన్ జర్నీ' మొదలైంది. ఫ్యాక్టరీల్లో వాడే రోబో చేయి లాంటి దాని చివర నలుగురు కూర్చునే బెంచీని అమర్చారు. అది మనుషుల్ని అటూఇటూ వంచేస్తూ గాల్లో తిప్పుతుంది. జనం ఎగబడ్డారు. కానీ కాస్త భారీగా ఉన్నవాళ్లలో ఎందరో సీటు కుదరక నిరాశగా వెనుదిరిగారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. దాంతో ఆ ఏడాదే బెంచీకి రెండు చివర్లా ఉన్న సీట్లను పెద్ద శరీరాలకూ సరిపోయేలా మార్చారు.

2017లో డిస్నీ ప్రారంభించిన 'అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్'లో సీటు మోటార్‌సైకిల్‌లా ఉంటుంది. వెనక నుంచి నడుముకు ఒక పట్టూ, పిక్కలకు మరో పట్టూ వచ్చి బిగుసుకుంటాయి. ఇక్కడ పొట్ట లేకపోయినా పిక్కలు బలంగా ఉంటే చాలు, చిక్కే! 2023లో అక్కడే మొదలైన 'ట్రాన్'దీ బైకు సీటే. అయితే దాంట్లో ముందుజాగ్రత్త కనిపిస్తుంది. బైకు మీద వంగి కూర్చోలేనివారి కోసం కొన్ని రైళ్ల చివర మామూలు సీట్లు పెట్టారు.

వీటన్నిటికన్నా చర్చకు దారితీసింది 2023లో హాలీవుడ్ యూనివర్సల్‌లో వచ్చిన మారియో కార్ట్ రైడ్. నడుము కొలత 40 అంగుళాలు, ఆపైన ఉన్నవాళ్లకు సీటు కుదరకపోవచ్చని ముందే చెప్పేశారు. తమాషా ఏమిటంటే, ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల ప్రకారం అమెరికా పురుషుల సగటు నడుము కొలతే 40.5 అంగుళాలు! అంటే, సగటు మనిషికే అనుమానమన్నమాట. జనం మారుతున్నప్పుడు సీట్లు మారవద్దా అన్న ప్రశ్న న్యాయమైనదే.

'వద్దు' అనకపోతే...

సిబ్బంది దిగమన్నప్పుడు కోపం రావడం సహజం. కానీ వాళ్లు ఆ మాట అనకపోతే ఏమవుతుందో 2022 మార్చి 24న ఓర్లాండోలోనే తెలిసింది. ఐకాన్ పార్కులో 430 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా కిందికి జారే ఫ్రీఫాల్ రైడ్‌ను ఓ 14 ఏళ్ల బాలుడు ఎక్కాడు. ఎత్తు ఆరడుగులు దాటింది, బరువు 136 కిలోల పైమాటే. తయారీదారు పుస్తకంలో గరిష్ఠ బరువు 130 కిలోలని ఉంది. సీటు బెల్టు లేదు, భుజాల మీది కడ్డీ ఒక్కటే ఆధారం. ఆ సీటు సెన్సర్‌ను అంతకుముందే సర్దడంతో కడ్డీకీ సీటుకూ మధ్య మామూలు కన్నా ఎక్కువ ఖాళీ ఉన్నా 'అంతా సవ్యమే' అన్న లైటు వెలిగిందని దర్యాప్తులో తేలింది. రైడ్ కింద ఆగే సమయంలో ఆ ఖాళీలోంచి జారిపడి ఆ పిల్లాడు ప్రాణాలు కోల్పోయాడు. 2023లో ఆ టవర్‌ను కూల్చేశారు. అదే ఏడాది అతడి పేరుతో ఫ్లోరిడాలో కఠినమైన భద్రతా చట్టం వచ్చింది.

అందుకే లైటు వెలగలేదని దించేస్తే, మన లావును ఎత్తిచూపారని కాదు... మన ప్రాణాన్ని లెక్కచేశారని అర్థం.

వెళ్లేముందు...

* చాలా పెద్ద రైడ్ల ముందు టెస్ట్ సీటు ఉంటుంది. క్యూలో నిల్చోకముందే అందులో కూర్చుని చూసుకోవచ్చు. అనుమానముంటే అక్కడి సిబ్బందిని అడగొచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

* కొన్ని కోస్టర్లలో పెద్ద శరీరాల కోసం ప్రత్యేక సీట్లున్న వరుసలుంటాయి. ఎక్కేముందే ఆ వరుస ఏదో అడగండి.

* సీట్లో వీపును పూర్తిగా వెనక్కి ఆనించి, నిటారుగా కూర్చుని అప్పుడు కడ్డీ దించుకోండి. వంగి కూర్చుంటే అది పొట్ట మీదే ఆగిపోతుంది.

* ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని ఎలాగోలా బెల్టు పెట్టించుకోవద్దు. రైడ్ మధ్యలో ఊపిరి వదలక తప్పదు కదా!

* పిల్లలు పక్కనుంటే, ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉండే సీట్లో జాగ్రత్త. పెద్దవాళ్ల పొట్ట దగ్గర కడ్డీ ఆగితే పక్కనున్న బుజ్జిగాడికి అది వదులైపోతుంది.

* డిస్నీలో 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్', 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' లాంటి పడవ రైడ్లలో ఒంటిని బిగించే కడ్డీలుండవు. తాతయ్య నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కేయొచ్చు.

* రైడ్ ఎక్కకపోయినా క్యూలో పిల్లలతో చివరిదాకా వెళ్లి పక్కదారిన బయటికి వచ్చే వీలు చాలాచోట్ల ఉంటుంది. హ్యారీపోటర్ కోటలో మాట్లాడే పటాలూ, డంబుల్‌డోర్ గదీ కనిపించేది ఆ క్యూలోనే మరి!